మూడో డ్రమ్ము నంబరు నాలుగు

లాండ్రీలో ఆమెను అందరూ రెండుసార్లమ్మ అనేవాళ్ళు. ఏ పని చేసినా రెండుసార్లు చూసుకునేది మరి. స్విచ్చు ఆపాక రెండుసార్లు, తాళం వేశాక రెండుసార్లు, టెస్టరు పెట్టి కరెంటు లేదని తేలాక కూడా ఇంకోసారి. ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. చివరికి హాజరు పట్టీలో ఉన్న అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగేది కాదు.

నేనప్పట్లో అక్కడ మడతల బల్ల దగ్గర పనిచేసేదాన్ని. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల్లో కట్టుకునే పచ్చ బట్టలు లారీల్లో మాకొచ్చేవి. ఉతికే మిషన్లు రెండు, ఆరబెట్టే డ్రమ్ములు మూడు. ఒక్కో డ్రమ్ము ఎంతుండేదంటే, మనిషి వంగి లోపలికి పాకి కూర్చోవచ్చు. ఆవిరి వేడికి గిర్రున తిరుగుతుంటే హాలు నేలంతా సన్నగా అదిరేది. రెండుసార్లమ్మ కూడా మొదట నా పక్కనే దుప్పట్లు మడిచేది. అంచుకి అంచు కలిపేది, కలిసిందో లేదో మళ్ళీ చూసుకునేది. ఆమె ఒక కట్ట కట్టేలోపు నేను రెండు కట్టేదాన్ని. కానీ ఆమె కట్ట ఏనాడూ వెనక్కి రాలేదు.

అప్పుడున్న ఎలక్ట్రీషియన్ పెద్దాయనకి చూపు మందగించింది. సన్న తీగల రంగులు చెప్పడానికి ఎవరో ఒకరు కావాలని ఈమెను పిలిచేవాడు. ఈమె వణుక్కుంటూ వెళ్ళేది. ప్యానెల్ తలుపు తీస్తే చాలు, రెండడుగులు వెనక్కి వేసేది. ఆయన నవ్వి, "నీకీ పని వస్తుందమ్మా. నాకు భయం పోయిన ఏడాదే వేలూ పోయింది" అని ఎడమ చెయ్యి చూపించాడట. చిటికెన వేలు సగమే ఉండేది. ఆరేళ్ళు ఆయన వెనకాల టార్చి పట్టుకుని తిరిగింది. పని మానేసి వెళ్ళే రోజున ఆయన తన పనిముట్ల సంచి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా గేటు దాటిపోయాడు.

పని వచ్చింది గానీ భయం పోలేదు. పెద్ద మోటార్లు వేసేటప్పుడు ప్యానెల్లోంచి దభీమని చప్పుడొచ్చి నీలంగా ఓ మెరుపు మెరిసేది. ఆమె మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కేది. మేమంతా చూసి నవ్వేవాళ్ళం. అందరికన్నా ఎక్కువ నవ్వేది ఆమె ఆడపడుచు.

ఆడపడుచంటే భర్త చెల్లెలు. వాళ్ళింట్లోనే ఉండేది, మా లాండ్రీలోనే డ్రమ్ములు శుభ్రం చేసేది. దుప్పట్ల నూగు డ్రమ్ము లోపలి జాలీకి దళసరిగా పట్టేస్తుంది. తియ్యకపోతే వేడికి అంటుకుంటుంది. అందుకని రోజూ ఒకరు లోపలికి పాకి ఆ నూగు పీకి సంచిలో నింపాలి. మిగతా వాళ్ళెవరూ ఆ పనికి ముందుకొచ్చేవాళ్ళు కాదు. ఈ పిల్ల మాత్రం పాటలు పాడుకుంటూ దూరిపోయేది. మనిషి గుప్పెడే, గొంతు మాత్రం హాలు రెండో కొసకి వినిపించేది. తుఫాను అని పిలిచేవాళ్ళం.

"మా వదిన అగ్గిపుల్ల గీసి, అది వెలిగిందో లేదో చూడ్డానికి ఇంకో పుల్ల గీస్తుంది" అనేది తుఫాను.

"నువ్వు గ్యాస్ లీకవుతోందో లేదో చూడ్డానికి గీస్తావు" అనేది రెండుసార్లమ్మ.

ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒకరు లేకపోతే ఒకరికి తోచేదీ కాదు.

ఒక వానాకాలం పైకప్పు కారి డ్రమ్ముల టైమర్ ప్యానెల్ తడిసి కాలిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మేనేజరు ఆమెను పిలిచి, "ఏదో ఒకటి చూడు. పైన ఆఫీసులో కూర్చునే మిషన్లు వేసేలా, ఆపేలా చేస్తే ఇంకా మంచిది. కింద ఒకడు తిరగాల్సిన పని తప్పుతుంది" అన్నాడు.

ఆమె భర్తది కంప్యూటర్లు బాగుచేసే పని. మెట్ల కింద ఇరుకు కొట్టు, మోకాళ్ళ మీద కీబోర్డు పెట్టుకుని కూర్చునే మనిషి. సంగతి విని, "మీ ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటి మూల పడేశారన్నావుగా, దాని వెనకాల ప్రింటర్ తగిలించే పొడుగాటి సాకెట్టు ఉందా?" అని అడిగాడు.

"పేరలల్ పోర్టా? ఉంది."

"అయితే నీ పనైపోయినట్టే. అందులోంచి ఎనిమిది తీగలు బయటికొస్తాయి. తీగలో అయిదు వోల్టులుంటే వేసినట్టు, లేకపోతే ఆపినట్టు. తీగకో రిలే తగిలించావనుకో, ఆ రిలే టక్కుమని నీ పెద్ద స్విచ్చుని లాగుతుంది. దాన్లో లైనక్స్ ఎక్కించి చిన్న ప్రోగ్రాం రాసిస్తాను. పైనున్న కంప్యూటర్లోంచి నెట్‌వర్క్ మీద నంబరు కొడితే కింద డ్రమ్ము తిరుగుతుంది."

"అయిదు వోల్టులేనా?"

"అయిదే. ముట్టుకున్నా తెలీదు."

ఆ మాట ఆమెకి తెగ నచ్చింది. అయిదు వోల్టుల్ని చూసి ఎవరైనా భయపడతారా! ఆ ప్యానెల్ మొహం చూడకుండా, ఆ మెరుపు చూడకుండా, రెండు గోడల అవతల కూర్చుని మోటారు వెయ్యొచ్చు.

నెలరోజులు భోజనాల బల్ల మీద పని జరిగింది. పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. డ్రమ్ముల బదులు ఎనిమిది చిన్న బల్బులు వరసగా పెట్టి, పక్కగదిలోంచి నంబర్లు పంపి చూసేవాళ్ళు. మొదటి తీగ నంబరు ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, నాలుగోది ఎనిమిది, అలా ప్రతి తీగకీ ముందుదానికి రెట్టింపు. ఏవేవి వెలగాలో వాటి నంబర్లు కూడి ఒక్క నంబరుగా పంపాలి. మొదటి మూడు తీగలూ మూడు డ్రమ్ములకి. ఎనిమిది, పదహారు ఉతికే మిషన్లకి. ముప్ఫై రెండు గాలి బయటికి తోసే ఫ్యానుకి. అరవై నాలుగు ఆవిరికి. చివరి తీగ నూట ఇరవై ఎనిమిది షిఫ్టు మారేటప్పుడు కొట్టే సైరన్‌కి.

"అంటే మూడో డ్రమ్ము నంబరు మూడు కాదా?" అంది తుఫాను.

"నాలుగు."

"మీ మొగుడూ పెళ్ళాలు కలిసి ఒకటి రెండు మూడు కూడా పాడుచేశారు!"

అలా ఆడుకుంటుండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ దానంతటదే లేచింది. ఎవరూ ఏ నంబరూ పంపలేదు. ఉన్నట్టుండి ఎనిమిది బల్బులూ ఒక్కసారే వెలిగాయి. రెండుసార్లమ్మ లెక్కపెట్టింది. పన్నెండు దాకా వచ్చాక టప్పున ఆరిపోయాయి.

"ఇదేంటండీ?"

"మామూలే. మెషీన్ లేచేటప్పుడు మన ప్రోగ్రాం ఇంకా లేవదు కదా. అప్పటిదాకా ఆ తీగలు వాటి ఇష్టం. బల్బులేగా, వదిలెయ్."

"ఇక్కడ బల్బులు. అక్కడ డ్రమ్ములు."

ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

అందుకే ఆమె కింద ప్యానెల్లో ఒక పచ్చ బటన్ పెట్టింది. కరెంటు పోతే రిలేలకు వెళ్ళే సరఫరా తెగిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా సరే, ఒక మనిషి నడిచి వెళ్ళి హాలు చూసుకుని ఆ బటన్ నొక్కేదాకా సరఫరా రాదు. కంప్యూటర్ ఎంత గొంతు చించుకున్నా డ్రమ్ము కదలదు. బటన్ పెట్టాక కరెంటు తీసి, వేసి, తీసి, వేసి, నా ఎదురుగానే ఇరవైసార్లు చూసింది.

ఆ ఏడాది చలికాలమంతా హాయిగా గడిచింది. పైన ఆఫీసులో కూర్చుని నంబరు కొట్టేది, కింద డ్రమ్ము తిరిగేది. మెరుపు లేదు, దభీమనడం లేదు. ఆమె మొహంలో అంత నింపాది నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి నాతో, "ఇక్కడ కూర్చుంటే ఏ భయమూ తెలీదు" అంది. ఆ మాటని తర్వాత తనే ఎన్నిసార్లు తిట్టుకుందో నాకు తెలుసు.

ఎండలు ముదిరాయి. కరెంటు రోజుకి పదిసార్లు పోవడం మొదలైంది. పోయిన ప్రతిసారీ జనరేటరు అందుకునేది. ప్రతిసారీ ఎవరో ఒకరు బాయిలర్ మూలకి పోయి పచ్చ బటన్ నొక్కాలి. ఆ మూలన వేడికి కళ్ళు మండేవి. నొక్కేవాళ్ళు ఆలస్యం చేస్తే ఆవిరి చల్లబడి, దుప్పట్లు తడితడిగా మిగిలిపోయి, ఆసుపత్రుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

మేనేజరు ఆమెను పిలిచాడు. "ఆ బటన్ తీసెయ్."

"అది తీస్తే కరెంటొచ్చినప్పుడల్లా మిషన్లన్నీ వాటంతటవే తిరుగుతాయి సార్."

"ఎంతసేపు?"

"పది పన్నెండు సెకన్లు."

"పన్నెండు సెకన్ల కోసం రోజుకి గంట పోగొట్టుకుంటున్నాం. నువ్వు చెయ్యకపోతే బయటి నుంచి ఒకణ్ణి పిలిపిస్తా. అర్ధగంటలో తీగ ముక్క పెట్టి పోతాడు. ఆ తర్వాత ఇక్కడ నీకేం పనుంటుందో నువ్వే ఆలోచించుకో."

ఆమె రెండు రోజులు తాత్సారం చేసింది. ఎవడో వచ్చి వదులుగా తగిలించిపోతే మంటలు లేస్తాయని ఒక భయం. ఉద్యోగం పోతే మళ్ళీ మడతల బల్ల కూడా దొరకదని ఇంకో భయం. అన్నిటికన్నా పైన, మేనేజరు గొంతు పెంచితే కాళ్ళు చల్లబడే భయం. కరెంటుకి భయపడాలని ఆమెకి తెలుసు. మనుషుల దగ్గర ఎక్కడ భయపడాలో, ఎక్కడ కూడదో ఎవరూ నేర్పలేదు.

మూడో రోజు జానెడు తీగ ముక్క తీసుకుని, రెండు కొసలూ శుభ్రంగా ఒలిచి, పచ్చ బటన్‌కి అడ్డంగా బిగించింది. బిగిసిందో లేదో లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

ఆ రోజు నుంచి కరెంటు వచ్చిన ప్రతిసారీ సైరన్ బోరుమనేది. ఉతికే మిషన్లు, డ్రమ్ములు అన్నీ ఒక్క ఉదుటున తిరిగి, పన్నెండు సెకన్లకి ఆగిపోయేవి. మొదటిరోజు నా చేతిలో దుప్పటి జారి కింద పడింది. వారం తిరిగేసరికి మాకలవాటైపోయింది. "మిషన్లు ఒళ్ళు విరుచుకుంటున్నాయర్రా!" అని తుఫాను అరిచేది, మేం పకపకా నవ్వేవాళ్ళం. రెండుసార్లమ్మ మాత్రం నవ్వేది కాదు. సైరన్ మోగినంతసేపూ మెట్ల మీద నిలబడి కింద మమ్మల్ని లెక్కపెట్టుకునేది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... తలలన్నీ కనిపించాకే కూర్చునేది. కరెంటు పోతే ఎవరూ మిషన్ల దగ్గర ఉండొద్దని గోడ మీద కాగితం అంటించింది. డ్రమ్ములో దిగే ముందు దాని పక్కనున్న పెద్ద మీట కిందికి దించాలని ఆడపడుచుకి రోజూ పొద్దున చెప్పేది. ఆ మీట దించితే ఆ డ్రమ్ముకి కరెంటే ఉండదు. కానీ మూడో డ్రమ్ము మీట గోడకీ, కాలే ఆవిరి గొట్టానికీ మధ్య ఉండేది. చెయ్యి పెడితే చర్మం ఊడొచ్చేది. డ్రమ్ము తలుపు తెరిస్తే మోటారు ఆగాలని అసలు మిషన్‌కే ఒక ఏర్పాటుండేది గానీ, దాని స్ప్రింగు ఎవరి హయాంలోనో విరిగిపోతే, తలుపు తెరిచున్నా తిరిగేలా తాడుతో కట్టేశారు.

అందుకని తుఫాను మీట ముట్టుకునేది కాదు. ఇంటర్‌కమ్ ఎత్తి పైకి చెప్పేది, అంతే.

ఆ రోజు పొద్దున పదకొండవుతోంది. ఈమధ్య నంబర్లు కొట్టడానికి పెట్టిన గుమాస్తా రాలేదని పైన రెండుసార్లమ్మే కూర్చుంది. మూడు డ్రమ్ములూ, ఫ్యానూ, ఆవిరీ నడుస్తున్నాయి. తెర మీద నూట మూడు. ఇంటర్‌కమ్ మోగింది.

"వదినా, మూడో దాన్లో దిగుతున్నా. నీ నాలుగు తీసెయ్."

"మీట దించావా?"

"దించుతాలే."

"దించుతావా, దించావా?"

"అబ్బబ్బ! ఫోను పెట్టేస్తున్నా."

నూట మూడులోంచి నాలుగు తీసేసి తొంభై తొమ్మిది కొట్టింది. మూడో డ్రమ్ము నెమ్మదించి ఆగింది. నా బల్ల నుంచి చూస్తే తుఫాను తలుపు తెరిచి, వేడి పోవడానికి కాసేపాగి, తలకి దీపం పట్టీ కట్టుకుని, సంచీతో లోపలికి పాకింది. చెప్పులు మాత్రం బయట, ఒకటి బోర్లా. లోపల్నుంచి ఆమె పాట గిన్నెలో పాడినట్టు గుమ్మంటూ వినిపిస్తోంది.

కరెంటు పోయింది.

హాలంతా ఒక్కసారి చీకటైంది. మిగతా రెండు డ్రమ్ములూ రొప్పుతూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పాట ఇంకా వినిపిస్తూనే ఉంది. లోపల తలదీపం ఉంది కాబట్టి ఆమెకి చీకటి తెలియలేదు. తెలిసినా, ఇంకో గుప్పెడు పీకేసి వద్దామనుకుందట.

పైన కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు మేమందరం విన్నాం.

కరెంటు పోయాక జనరేటరు అందుకోడానికి ఎంత పడుతుందో రెండుసార్లమ్మకి తెలుసు. ఇరవై లెక్కపెట్టాలి. అది అందుకున్నాక కంప్యూటర్ ఒక కూత కూసి ఎనిమిది తీగలూ నిలబెట్టడానికి ఇంకో అయిదు. ఆ ఎనిమిదిలో మూడో తీగ నాలుగు. మెట్లు పద్దెనిమిది. మెట్ల దగ్గర్నుంచి మూడో డ్రమ్ముకి హాలంతా దాటాలి. ఇవన్నీ కుర్చీలోంచి లేచేలోపే తన తలలో తిరిగాయట. దిగుతూ గొంతు పగిలేలా అరిచింది.

"బయటికి రా! బయటికి రావే!"

పాట ఆగింది. "ఏంటి వదినా?"

"బయటికి!"

"వస్తున్నా ఉండు, సంచి తగులుకుంది."

మేం ఉన్నచోటే నిలబడ్డాం. నిజం చెప్తున్నా, నా పక్కనున్న వాళ్ళు నవ్వారు కూడా, వదినామరదళ్ళ గోల మళ్ళీ మొదలైందని. చీకట్లో రెండుసార్లమ్మ తడిబట్టల బండికి గుద్దుకుని పడింది. లేచింది. జనరేటరు గుర్రుమంది. దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. అప్పుడామె మొహం కనిపించింది. ఆ మొహం చూశాక ఎవరూ నవ్వలేదు.

డ్రమ్ము నోటిలోంచి తుఫాను అరికాళ్ళు బయటికొస్తున్నాయి. ఆమెను పట్టుకుని లాగాలా, మీట దించాలా? లాగుతుండగా తిరిగితే ఇద్దరినీ నుజ్జు చేస్తుంది. రెండుసార్లమ్మ గోడకీ గొట్టానికీ మధ్యకి దూరి చెయ్యి చాపింది.

సైరన్ బోరుమంది.

సైరన్ మోగిందంటే ఎనిమిదీ లేచినట్టే. మూడో డ్రమ్ము కదిలింది. ఆ అరికాళ్ళు లోపలికి పోయాయి. దభ్‌మని ఒక చప్పుడు, మళ్ళీ ఇంకోటి. మెత్తటి బరువు పైనుంచి కింద పడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా. అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూడోసారి పడేలోపు మీట కిందికి దిగింది.

డ్రమ్ము ఆగింది. సైరన్ ఆగలేదు. మిగతా మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత అవీ, సైరనూ ఒకేసారి ఆగిపోయాయి. లోపల్నుంచి ఏ శబ్దమూ లేదు. రెండుసార్లమ్మ గొట్టం పక్కన అలాగే నిలబడిపోయింది, మీట మీంచి చెయ్యి తియ్యకుండా. కుడి మోచెయ్యి గొట్టానికి ఆని పొగ లేస్తోంది. ఆమెకి తెలియడంలేదు. లోపలికి తొంగిచూసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

చాలాసేపటికి, చాలాసేపనిపించింది గానీ నాలుగైదు క్షణాలేనేమో, లోపల్నుంచి సన్నటి గొంతు వచ్చింది. "వదినా... నా చెయ్యి ఎక్కడుందో చూడు."

చెయ్యి ఆమె కిందే ఉంది. భుజం కీలు తప్పింది, మణికట్టు విరిగింది, పక్కటెముకలు మూడు. తలదీపం పట్టీ నుదుట్లోకి దిగింది. సంచిలోని నూగు ఒళ్ళంతా అంటుకుని తెల్లటి బొమ్మలా ఉంది. బట్టల బండి మీద దుప్పట్లు పరిచి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా రెండుసార్లమ్మ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉంది.

మర్నాడు మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. "మీట దించకుండా లోపలికి దిగింది. అదే జరిగింది కదా? అదే రాసుంది. సంతకం పెట్టు."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తీగ ముక్క గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. రెండుసార్లమ్మ కాగితం మొత్తం చదివింది. మళ్ళీ చదివింది. "ఇంటికి తీసుకెళ్ళి పెడతాను సార్" అని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో భర్తకి ఎటూ తోచలేదు. గాయపడింది చెల్లెలు, తీగ పెట్టింది భార్య. ఎవరివైపు చూసి ఏమంటాడు? చివరికి కాగితం చదివి పక్కన పెట్టాడు. "కరెంటొస్తే దానంతటదే లేచేట్టు ఆ కంప్యూటర్ని పెట్టింది నేను. బల్బులేగా అన్నదీ నేనే. నువ్వు రాస్తే నాదీ రాయి."

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. కట్లతో తుఫాను సగం మంచమే ఆక్రమించింది. రెండుసార్లమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఒక మాట చెప్పాలి. బటన్‌కి అడ్డంగా ఆ తీగ పెట్టింది నేనే."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. చాలా నీట్‌గా ఉందని అందరూ అనుకుంటున్నారుట. మన లాండ్రీలో అంత నీట్‌గా ఇంకెవరు పెడతారు?"

రెండుసార్లమ్మకి ఏడుపొచ్చింది. తుఫాను పైకప్పు వైపు చూస్తూ, "ఏడవకు. వేళాకోళం ఆడానని ఊరుకున్నాననుకోకు వదినా. ఊపిరి తీస్తే పక్కటెముకలు పొడుస్తున్నాయి, అందుకని ఆగాను. తగ్గాక తిడతా" అంది.

అన్నట్టే తిట్టింది. నెలా పదిరోజుల తర్వాత ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి తిట్టింది. డ్రమ్ము తిరగడం మొదలైనప్పుడు ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఏమైందో, పైదేదో కిందదేదో ఎలా పోయిందో, ఇప్పుడు స్నానాలగది తలుపు వేసుకుంటే ఒళ్ళెలా చెమటలు పడుతోందో, అన్నీ చెప్పి మరీ తిట్టింది. రెండుసార్లమ్మ మధ్యలో ఒకసారి మంచినీళ్ళిచ్చిందట. తాగి మళ్ళీ తిట్టింది.

మేనేజరిచ్చిన కాగితం మీద ఆమె సంతకం పెట్టలేదు. వేరే కాగితం మీద తనే రాసింది. పచ్చ బటన్ ఎందుకు పెట్టిందో, ఎవరు తియ్యమన్నారో, ఎవరు తీశారో, మీట ఎందుకు ఎవరూ ముట్టుకోరో, తలుపు దగ్గర తాడు ఎన్నేళ్ళ నుంచి ఉందో, అన్నీ. ఫ్యాక్టరీల తనిఖీకి వచ్చే అధికారి చేతికే ఇచ్చింది. అధికారి ఆమెను వెంటబెట్టుకుని ప్యానెల్ దగ్గరికి వెళ్ళాడు. "మీరే పెట్టారు, మీరే చూపిస్తున్నారు. మీకేమవుతుందో తెలుసా?" అని అడిగాడట. "తెలీదండీ. అందుకే భయంగా ఉంది" అందిట.

లాండ్రీ మూడు వారాలు మూతపడింది. మేనేజరుని తీసేశారు. ఆమెనూ నాలుగు నెలలు పక్కన పెట్టారు. ఆ నాలుగు నెలలూ మాలో కొందరు ఆమెతో మాట్లాడలేదు. సొంత మనిషినే చంపబోయిందని ఒకరు, మూడు వారాలు మా పొట్ట కొట్టిందని ఒకరు. నేను మాట్లాడాను గానీ, చీకట్లో నవ్వినవాళ్ళ పక్కనే నిలబడ్డానని మాత్రం ఆమెకి చెప్పలేకపోయాను.

తిరిగి పిలిచినప్పుడు ఆమె ఒకటే అడిగింది. మిషన్ వెయ్యడం మిషన్ దగ్గరే జరగాలి, వేసేవాళ్ళకి దాని నోరు కనపడాలి. ఒప్పుకున్నారు. మూడో డ్రమ్ము మీటని గొట్టం వెనక నుంచి తీసి ఎదురుగా పెట్టింది. తాడు కోసి కొత్త స్ప్రింగు వేసింది. డ్రమ్ములో దిగేవాళ్ళు మీట దించి దానికి సొంత తాళం వేసుకుని, తాళంచెవి తమతోనే లోపలికి తీసుకెళ్ళాలని కట్టుబాటు పెట్టింది. వాళ్ళు బయటికొచ్చి తాళం తీసేదాకా ఎవరి తరమూ కాదు ఆ డ్రమ్ముని కదిలించడం.

పాత కంప్యూటర్ని పారేస్తుందనుకున్నాం. పారెయ్యలేదు. ఆ సాకెట్టులో బయటికి వెళ్ళే ఎనిమిది తీగలే కాదు, లోపలికి వచ్చే తీగలు అయిదు కూడా ఉంటాయట. ఆ ఎనిమిదింటినీ మొదలంటా కత్తిరించేసింది. లోపలికి వచ్చే వాటికి డ్రమ్ము తలుపులు మూడూ, ఆవిరీ, ఫ్యానూ కలిపింది. ఇప్పుడది ఏ మిషన్‌నీ ఆడించలేదు. ఏ తలుపు తెరిచుందో, ఏది మూసుందో చూసి పైకి చెప్తుంది, అంతవరకే. పైన ఆ తెర ముందు తుఫానే కూర్చుంటోంది. కుడిచెయ్యి భుజం దాటి లేవదు, ఎడమ చేత్తో ఇంటర్‌కమ్ ఎత్తుతుంది. "రెండో డ్రమ్ము తలుపు తెరిచుంది, ఎవరర్రా లోపల? తాళం వేశారా?" అని అరిస్తే ఇంటర్‌కమ్ లేకపోయినా వినిపిస్తుంది.

పోయిన నెల కొత్త మేనేజరు రెండుసార్లమ్మ దగ్గరికొచ్చి, ఫ్యాను ఒక్కటైనా పైనుంచి వేసుకునేలా చెయ్యొచ్చు కదా అని మెత్తగా అడిగాడు. ఫ్యానుతో ఏం ప్రమాదం, ఒక్క తీగే కదా అన్నాడు. నేనక్కడే ఉన్నాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఫ్యాను రెక్కలు ఎవరు తుడుస్తారు సార్?" అని అడిగింది.

ఆయనకి తెలియదు. కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.